పికప్పా, టాప్ స్పీడా? చక్రానికీ గేరుకూ నూటయాభై ఏళ్ల బేరం

స్పోర్ట్స్ కారు మాట రాగానే ఎవరైనా ముందు అడిగేది "హార్స్ పవర్ ఎంత?" అనే. బ్రోచర్లలో అన్నిటికంటే లావుగా అచ్చయ్యే అంకె కూడా అదే. కానీ ఇంజిన్‌లో పుట్టిన బలం రోడ్డు దాకా రావాలంటే రెండు చేతులు మారాలి. ఒకటి గేర్లు, రెండోది చక్రాలు. ఈ ఇద్దరూ దాన్ని ఎలా పంచారన్న దాన్ని బట్టే బండికి పికప్ ఎక్కువా, టాప్ స్పీడ్ ఎక్కువా అన్నది తేలుతుంది. ఒకే ఇంజిన్‌తో రెండూ దండిగా కావాలంటే కుదరదు. అలా కుదరకపోవడం వల్లనే గేర్‌బాక్స్ పుట్టింది, చక్రాలు ఒక కాలంలో చిక్కాయి, మరో కాలంలో బలిశాయి. ఆ కథ కార్ల కంటే ముందే, సైకిళ్లతో మొదలైంది.

చక్రమే గేరైన రోజులు

ముందు మనిషెత్తు చక్రం, వెనక బుల్లి చక్రం ఉన్న పాతకాలపు సైకిల్ బొమ్మ చూడని వాళ్లుండరు. ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ కలిసి 1870లో పేటెంట్ తీసుకున్న 'ఏరియల్' ఈ కోవలోదే. చూడ్డానికి వింతగా ఉన్నా అందులో లెక్క ఉంది. పెడళ్లు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. కాబట్టి ఒక్కో తొక్కుకు ఎక్కువ దూరం పోవాలంటే చక్రాన్నే పెంచాలి. 60 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 4.8 మీటర్ల దూరం పోతుంది. అంతకు మించి పెంచుదామంటే కాలు అందదు. అంటే బండి వేగానికి హద్దు తొక్కేవాడి కాలి పొడవు. ఎత్తు ఎక్కేటప్పుడు అదే పెద్ద చక్రం ప్రాణం తీసేది.

ఆ ముడిని విప్పింది స్టార్లీ కుటుంబమే. జేమ్స్ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చిన 'రోవర్' సైకిల్‌లో పెడళ్ల దగ్గర పెద్ద పళ్ల చక్రం, వెనక చక్రానికి చిన్న పళ్ల చక్రం, మధ్యలో చైను. చక్రం మామూలు సైజుకు దిగింది, ఒక్కో తొక్కుకు పోయే దూరం మాత్రం తగ్గలేదు. చక్రం చేసే పనిలో కొంత గేరు చేతికి వచ్చింది. ఈ పేర్లు తర్వాత కార్లలోకీ వచ్చాయి: రోవర్, హిల్‌మన్ రెండూ బ్రిటిష్ కార్ల పేర్లయ్యాయి.

గేరంటే గుండ్రంగా తిరిగే పలుగు అనుకోవచ్చు. పలుగు కొసన పట్టుకుని నొక్కితే చిన్న బలంతో పెద్ద బండ లేస్తుంది, కానీ చెయ్యి చాలా దూరం దిగాలి, బండ కదిలేది బెత్తెడే. ఫస్ట్ గేరులో జరిగేది ఇదే: ఇంజిన్ చాలా చుట్లు తిరుగుతుంది, చక్రం కొద్దిగానే తిరుగుతుంది, తోపు మాత్రం బలంగా ఉంటుంది. టాప్ గేరులో ఇదంతా తిరగబడుతుంది. లెక్కగా చెప్పాలంటే రోడ్డు మీద పడే తోపు ఇంజిన్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) గేరు నిష్పత్తితో హెచ్చించి చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది. గేరు హెచ్చవేస్తుంది, చక్రం భాగిస్తుంది. చక్రాన్ని పెంచడమంటే గేరును తగ్గించడమే.

నేరుగా పట్టే గేరు

కార్లు వచ్చాక ఈ లెక్క తప్పనిసరైంది. మనిషి కాలు నిలకడ నుంచే తొక్కగలదు. పెట్రోల్ ఇంజిన్ అలా కాదు. నిమిషానికి కొన్ని చుట్ల కంటే తక్కువైతే ఆగిపోతుంది, కొన్ని చుట్లు దాటితే లాగదు. ఆ ఇరుకు పరిధిలోనే దాన్ని తిప్పుతూ బండిని నిలకడ నుంచి పరుగు దాకా తీసుకుపోవాలి. 1890లలో ఫ్రాన్స్‌లో ఎమీల్ లెవాస్సోర్ పళ్ల చక్రాలను పక్కకు జరిపి ఒకదానితో ఒకటి కలిపే గేర్‌బాక్స్‌తో కార్లు చేశాడు. గేరు మార్చినప్పుడల్లా పళ్లు గరగరలాడేవి. అయినా పని జరిగింది.

మరో మలుపు ప్యారిస్‌లో. 1898 డిసెంబర్ 24న 21 ఏళ్ల లూయీ రెనో తన చిన్న కారులో మోమార్త్ర్ గుట్ట మీది ర్యూ లెపిక్ వీధి ఎక్కాడు. అది 13 శాతం వాలున్న ఎత్తు. కారులో ఉన్నది 1.75 హార్స్ పవర్ ఇంజిన్. అంత పిసరు బలంతో ఆ ఎత్తు ఎక్కించింది గేర్ల ఏర్పాటే. మూడు గేర్లలో పైదానికి మధ్యలో పళ్ల చక్రాలేవీ అడ్డు లేకుండా ఇంజిన్ కడ్డీ నేరుగా వెనక ఇరుసుకు వెళ్లేలా అతను అమర్చాడు. పళ్ల రాపిడిలో పోయే బలం మిగిలింది, గోల తగ్గింది. ఆ రాత్రికే 12 కార్లకు ఆర్డర్లు వచ్చాయి. 1899లో పేటెంట్ కూడా దక్కింది. టాప్ గేరు అంటే ఒకటికి ఒకటి అన్న ఆనవాయితీ దశాబ్దాల పాటు నడిచింది.

దీనికి పూర్తి వ్యతిరేక దిక్కులో వెళ్లింది 1909 నాటి జర్మన్ రికార్డు కారు బ్లిట్జెన్ బెంజ్. నాలుగే సిలిండర్లు, 21.5 లీటర్ల ఇంజిన్. 200 హార్స్ పవర్ వచ్చేది నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే. అంతకంటే జోరుగా తిరగలేని ఇంజిన్‌తో వేగం రావాలంటే ఒక్కో చుట్టుకు పోయే దూరమే పెరగాలి. 1911లో డేటోనా ఇసుక తీరంలో ఈ కారు గంటకు 228 కిలోమీటర్లు అందుకుంది. 1,600 చుట్ల లెక్కన ఇంజిన్ ఒక్కసారి తిరిగితే కారు 2.4 మీటర్లు పోవాలి. పెద్ద చక్రాలు, చైను మీద పొడుగు గేరు కలిసి మోసిన భారం అది.

పది అంగుళాల పందెం

1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు ఈ బేరాన్ని రెండో కొస నుంచి మొదలుపెట్టింది. మూడు మీటర్లకు కాస్త మించిన పొడవులో నలుగురు కూర్చోవాలి. చక్రాలు పెద్దవైతే వాటి గూళ్లే లోపలి చోటంతా తినేస్తాయి. అందుకని 10 అంగుళాల రిమ్ములు వేశారు. ఆ సైజులో కారు టైర్లు డన్‌లప్ కంపెనీ ప్రత్యేకంగా చేయాల్సి వచ్చింది. చిన్న చక్రం తేలిక కాబట్టి తిప్పడానికీ, గతుకు మీద ఎగిరి మళ్లీ నేల పట్టడానికీ సులువు. పైగా భాగించే అంకె చిన్నది కాబట్టి 34 హార్స్ పవరే ఉన్నా బండి చురుగ్గా కదిలేది.

రేసింగ్ కార్లు కట్టే జాన్ కూపర్ ఇందులో పందెపు గుర్రాన్ని చూశాడు. 1961 మినీ కూపర్‌లో 55 హార్స్ పవర్ వచ్చింది. అప్పుడు చిన్న చక్రం తన ధర అడిగింది. బ్రేకు రిమ్ము లోపలే పట్టాలి. 10 అంగుళాల రిమ్ములో దూరేలా ముందు చక్రాలకు 7 అంగుళాల డిస్కులు మాత్రమే వేయగలిగారు. అయినా 1964 మాంటీ కార్లో ర్యాలీలో ప్యాడీ హాప్‌కర్క్ నడిపిన మినీ కూపర్ ఎస్ గెలిచింది, భారీ వీ8 ఇంజిన్ ఉన్న ఫోర్డ్ ఫాల్కన్ రెండో స్థానంలో నిలిచింది. చిన్న ఇంజిన్లకు కలిసొచ్చే పాయింట్ల పద్ధతి తోడ్పడిన మాట నిజమే. కానీ మంచు మలుపుల్లో మినీ చురుకుదనం లేకపోతే ఆ పాయింట్లు మాత్రమే గట్టెక్కించేవి కావు.

గేర్ల సంఖ్య కూడా ఇంజిన్ స్వభావాన్ని బట్టే ఉంటుంది. 1967లో సుజుకీ 50 సీసీ రేసు బైకుకు 14 గేర్లు పెట్టారు. నిమిషానికి 17,000 చుట్లు దాటితే తప్ప బలం రాని ఇంజిన్ అది. ఆ సన్నటి మెట్టు మీంచి జారకుండా ఉండాలంటే గేర్లు దగ్గర దగ్గరగా ఉండక తప్పదు. 1973లో అమెరికా క్యాన్-ఆమ్ పోటీలను ఊపేసిన పోర్షే 917/30కి దాదాపు 1,100 హార్స్ పవర్, గేర్లు మాత్రం నాలుగే. టార్క్ అంత దండిగా ఉన్నచోట డ్రైవరు పదే పదే గేరు వెతుక్కోనక్కర్లేదు.

ఒకే కారు, రెండు తరాలు

ఈ బేరాన్ని దగ్గర నుంచి చూడాలంటే మజ్డా ఎమ్ఎక్స్-5 మంచి ఉదాహరణ. 1989లో వచ్చిన మొదటి తరం కారు టైరు మీద 185/60 ఆర్14 అని ఉండేది. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. మూడూ కలిపితే టైరు ఎత్తు 578 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు 1.81 మీటర్లు. అయిదో గేరు నిష్పత్తి 0.814, వెనక ఇరుసు దగ్గరి ఫైనల్ డ్రైవ్ 4.3. రెండూ హెచ్చిస్తే 3.5. అంటే టాప్ గేరులో ఇంజిన్ ఒక చుట్టుకు కారు 52 సెంటీమీటర్లు పోతుంది. 3,000 చుట్ల దగ్గర వేగం గంటకు సుమారు 93 కిలోమీటర్లు.

పాతికేళ్ల తర్వాత వచ్చిన నాలుగో తరంలో, అమెరికాలో అమ్మిన 2 లీటర్ల కారు పై రకాలకు 17 అంగుళాల రిమ్ము మీద 205/45 టైర్లు వచ్చాయి. ఎత్తు 616 మిల్లీమీటర్లు. చక్రం దాదాపు 7 శాతం పెరిగింది, అంటే తోపు ఆ మేరకు తగ్గాలి. మజ్డా ఇంజినీర్లు ఫస్ట్ గేరు మొత్తం నిష్పత్తిని 13.5 నుంచి 14.6కు, అంటే 8 శాతం పెంచారు. చక్రం తీసుకున్నది గేరు తిరిగి ఇచ్చేసింది. అదనంగా వచ్చిన ఆరో గేరు లాభమంతా పై కొసకు పోయింది: అదే 3,000 చుట్లకు ఇప్పుడు గంటకు 122 కిలోమీటర్లు. ఇంజిన్ హాయిగా తిరుగుతుంది, పెట్రోల్ ఆదా. ఆ ఆరో గేరు నిష్పత్తి సరిగ్గా ఒకటి. రెనో పద్ధతే, నూట పదిహేనేళ్ల తర్వాత.

రిమ్ము పెరిగినంత మాత్రాన చక్రం పెరగాలని లేదు. మొదటి తరం కారుకు 15 అంగుళాల రిమ్ము మీద 195/50 టైరు వేస్తే ఎత్తు 576 మిల్లీమీటర్లు. గేరు లెక్క చెక్కుచెదరదు, పక్క గోడ మాత్రం పొట్టిదవుతుంది. మలుపులో పట్టు బాగుంటుంది, గోతిలో పడితే దెబ్బ రిమ్ముకు తగులుతుంది. టైరు మొత్తం ఎత్తే పెరిగేలా షోకు కోసం పెద్ద చక్రాలు వేయిస్తే మాత్రం పికప్ తగ్గుతుంది, స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది.

గాలి పెట్టే గీత

వేగం పెరిగే కొద్దీ మూడో శక్తి అడ్డొస్తుంది. వేగం రెట్టింపైతే గాలి ఎదురు నాలుగింతలవుతుంది, దాన్ని చీల్చడానికి కావాల్సిన పవర్ ఎనిమిదింతలు. 2005లో 1,001 హార్స్ పవర్ బుగాటీ వేరాన్ గంటకు 407 కిలోమీటర్లు అందుకుంది. 2010లో 431కి చేరడానికి 1,200 కావాల్సి వచ్చింది. 6 శాతం వేగానికి 20 శాతం పవర్. ఘనం లెక్కకు ఇంత దగ్గరగా వచ్చే ఉదాహరణలు అరుదు.

మెక్‌లారెన్ ఎఫ్1 సంగతి వేరు. 627 హార్స్ పవర్ ఉన్న ఈ కారు 1998లో గంటకు 386 కిలోమీటర్లు చేరింది, కానీ ఇంజిన్ చుట్లకు పెట్టిన పరిమితిని పెంచాకే. ఆ పరిమితి అలాగే ఉంచితే కారు ముందే ఆగేది: బలం చాలక కాదు, ఆరో గేరులో చుట్లు అయిపోయి.

ఇప్పుడు కరెంటు కార్ల వంతు. మోటారు నిలకడ నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, చాలా చుట్ల దాకా తిరుగుతుంది. గేర్‌బాక్స్ అక్కర్లేదనిపిస్తుంది. అయినా 2014లో ఫార్ములా ఈ పోటీలు మొదలైనప్పుడు ఆ కార్లకు అయిదు గేర్లుండేవి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లకు ఉన్నది ఒకే గేరు. అంతమాత్రాన బేరం ముగియలేదు. 2008 టెస్లా రోడ్‌స్టర్‌కు మొదట రెండు గేర్లు అనుకుని, ఆ గేర్‌బాక్స్ తట్టుకోకపోవడంతో ఒక్కదానికే సర్దుకున్నారు. టాప్ స్పీడ్ గంటకు 201 కిలోమీటర్ల దగ్గర ఆగింది. 2019 పోర్షే టైకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టి పికప్, టాప్ స్పీడ్ రెండూ పట్టుకుంది, బదులుగా బరువునూ ఖర్చునూ భరించింది. ఒకే గేరున్న కారులో ఈ రాజీ డ్రైవరు చేతిలోంచి పోయి ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. కాబట్టి కొనేవాళ్లు హార్స్ పవర్ అంకె పక్కనే బరువు, మొత్తం గేరు నిష్పత్తి, టైరు సైజు కూడా చదువుకోవాలి. బండి రోడ్డు మీద ఎలా నడుస్తుందో ఆ నాలుగూ కలిస్తేనే తెలుస్తుంది.