ఒక సెల్లు ఇంకో సెల్లుకి ఇచ్చిన సహారా

తెలుగు సినిమాలో బీమారీ అంటే ముందుగా యాదికొచ్చేది క్యాన్సర్. 1981లో అన్నపూర్ణ స్టూడియోస్ తీసిన ‘ప్రేమాభిషేకం’లో హీరోకి అదే. 1989 నాటి ‘గీతాంజలి’లో హీరో, హీరోయిన్ ఇద్దరికీ నయంకాని జబ్బులే. ఆ సినిమావాళ్ల ఫిల్మ్‌నగర్ గుట్ట మీదే 1988 నుంచి అపోలో దవాఖానా ఉంది. అలాంటి పెద్ద దవాఖానాల్లో పిల్లల డాక్టర్ గది బయట కూచునే కొందరు అమ్మీ అబ్బాల దర్ద్ మాత్రం వేరు. పుట్టినప్పుడు బాగున్న బిడ్డ కడుపు ఉబ్బుతుంది. నడిచే బిడ్డ నడక మరుస్తుంది. నజర్ తగిలిందని తావీజు కడతాం. అసలు సంగతి సెల్లు లోపల ఉంటుంది.

1955లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ ద దువ్, మన ఒంట్లోని సెల్లులో చిన్న సంచుల్ని కనిపెట్టి లైసోజోమ్ అని పేరు పెట్టాడు. సెల్లులో కచరా సాఫ్ చేసేది ఇవే. ఒక్కో రకం కచరాకు ఒక్కో ఎంజైమ్. అందులో ఒకటి లేకపోతే ఆ కచరా ఏళ్ల తరబడి పేరుకుపోయి కాలేయాన్నో, ఎముకల్నో, మెదడునో పాడు చేస్తుంది. ఇలాంటి బీమారీలు 70 దాకా ఉన్నాయి. 1963లో అదే దేశానికి చెందిన హెర్స్, పాంపే జబ్బులో ఏ ఎంజైమ్ లేదో మొదటిసారి చూపించాడు.

అసలు ఉమ్మీద్ 1968లో పుట్టింది. ఎలిజబెత్ న్యూఫెల్డ్ పారిస్‌లో పుట్టిన యూదు ఖాందాన్ బిడ్డ. 1940లో అమ్మానాన్నలతో అమెరికా చేరింది. ఆమె తన సాథీలతో కలిసి హర్లర్, హంటర్ అనే రెండు జబ్బుల సెల్లులను ఒకే గిన్నెలో పెంచింది. రెండూ బాగుపడ్డాయి! ఒకదానిలో లేని ఎంజైమును రెండోది బయటికి వదిలితే, మొదటిది దాన్ని లోపలికి తీసుకుంది. పొరుగింటి నుంచి చక్కెర తెచ్చుకున్నట్టు.

రాస్కో బ్రేడీ గోషే జబ్బుకు ఎంజైమ్‌నే దవాగా ఇచ్చే దారి చూపాడు. 1991లో అమెరికా ఇజాజత్ ఇచ్చిన ఆ దవాను కాన్పు తర్వాత పారేసే మావి నుంచి తీశారు. కానీ రెండు వారాలకోసారి, జిందగీ అంతా ఎక్కించాలి. పైగా అది మెదడులోకి పోలేదు.

జీన్ థెరపీ వచ్చింది అక్కడే. ఎమ్మెల్డీ అనే జబ్బున్న బిడ్డ సొంత మూలకణాలు తీసి, హానిచేయని వైరస్ ద్వారా సరైన జీన్‌ను వాటిలో పెట్టి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. ఆ కణాల సంతానం మెదడు దాకా చేరి పక్క సెల్లులకు ఎంజైమ్ పంచుతుంది. న్యూఫెల్డ్ గిన్నెలో చూసిందే ఇది. ఇటలీలోని మిలాన్‌లో తయారైన ఈ ఇలాజ్‌కు 2020లో యూరప్, 2024లో అమెరికా ఇజాజత్ ఇచ్చాయి. అమెరికాలో ఖీమత్ 42.5 లక్షల డాలర్లు, అంటే సుమారు 35 కోట్ల రూపాయలు. ఇంకో షరతు కూడా ఉంది. జబ్బు ముదరకముందే ఇవ్వాలి. అందుకే చాలాసార్లు పెద్దబిడ్డ జబ్బేమిటో తేలితేనే చిన్నబిడ్డ దక్కుతుంది.

మన దేశం 2021లో అరుదైన వ్యాధుల పాలసీ తెచ్చింది. మొదట ఎంపిక చేసిన 8 కేంద్రాల్లో మన హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ జోడీ ఒకటి. ఇలాజ్‌కు 50 లక్షల దాకా మదద్ దొరకొచ్చు. 35 కోట్ల ముందు 50 లక్షలు ఎంత?

కాబట్టి మన చేతిలో ఉన్నది ఇంకోటి. ఈ జబ్బులు చాలావరకు అమ్మీ, అబ్బా ఇద్దరి నుంచీ చెడిన జీన్ వస్తేనే బయటపడతాయి. వాళ్లిద్దరూ తందురుస్త్‌గానే ఉంటారు. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ఖతరా. ఖాలా, ఫూఫీ, మామూ, చాచా పిల్లల మధ్య ఎనిమిదో వంతు జీన్లు ఒకటే కాబట్టి, ఆ ఇళ్లలో ఖతరా పెరుగుతుంది. మన హిందూ పొరుగిళ్లలో మేనరికాలదీ ఇదే కత. మన దీన్‌లో అలాంటి రిష్తా జాయెజ్. కానీ జాయెజ్ అన్నది ఫర్జ్ కాదు కదా!

ఇందులో కసూర్ ఎవరిదీ కాదు. కోడలు మన్హూస్ కాదు. ఖాందాన్‌లో ఒక బిడ్డ ఇలా పోయి ఉంటే దాచకండి. జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి. తర్వాతి కాన్పుకు ముందే, కుదిరితే నికాహ్‌కు ముందే జెనెటిక్స్ డాక్టర్‌ను కలిసి రక్తపరీక్ష చేయించుకోండి. దువా చేస్తూనే కాగితమూ తీసుకెళ్లండి.