తాత చూపిన చిరువేరు

పొద్దు పొడిచి గంట కాలేదు. శ్రీహరికోట దీవిలో, పులికాటు సరస్సు నీళ్లకు కాస్త ఎగువన, ఇసుక నేల మీద ఓ ముసలాయన గొంతుక్కూర్చున్నాడు. పక్కన ఎనిమిదేళ్ల మనవడు. ఇద్దరి మధ్యా జానెడు కూడా లేని మొక్క. వాడు దాన్ని పిడికిట పట్టుకున్నాడు.

"పీకబాక! తెగిపోద్ది. చుట్టూ మన్ను లాగు ముందు."

పిల్లాడు వేళ్లతో ఇసుక తోడాడు. సన్నటి వేరు పొడుగ్గా దిగిపోతూనే ఉంది. తాత చిన్న గునపంతో పక్కనుంచి సందు చేసి, వేరు తెగకుండా పైకి తీసి, దాని తోలు గోటితో గీరాడు. వేలికి రంగంటింది.

"ఏంది తాతా ఇది?"

"చిరువేరు. మా తాత నాడు దీనికోసం దొరలు మన గూడేనికొచ్చేవాళ్లు."

ఇది 1970 వేసవి. ఈ తాతకూ మనవడికీ పేర్లు పెట్టలేదు. ఆ దీవి ఆదివాసులైన యానాదుల గురించి గ్రంథస్థమైన సంగతులను, ఆ నేల తీరును దగ్గర పెట్టుకుని ఒక ఉదయాన్ని తిరిగి కట్టుకున్నాను. మాటలు నావి. వేరు, అడవి, ఆ తర్వాత జరిగింది నిజం.

తాత చెప్పిన దొరల మాటా నిజమే. 1835లో దీవి ఇంగ్లీషువాళ్ల సర్కారు చేతికి వచ్చింది. అడవిలో ఏది ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు యానాదులే. చిరువేరు, తేనె, మైనం వాళ్లు సేకరించి ఇస్తే బదులుగా ధాన్యం, గుడ్డలు ముట్టేవి. పటిక పట్టించిన నూలు గుడ్డను చిరువేరుతో మరిగిస్తే కుదిరే ఎరుపు కోసం కోరమాండల్ తీరపు అద్దకాలను సముద్రాల అవతలివాళ్లు కొనుక్కున్నారు. మన బందరు కలంకారీ ఎరుపు అదే. ఆ రంగుకు మూలమైన పదార్థాన్ని 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారు చేశారు. వేరు బేరం పడిపోయింది. బేరం లేకపోయినా తాత మనవడికి మొక్కను చూపించాడు. అమ్ముడుపోని చదువును కూడా పిల్లలకు అప్పజెప్పిన మనుషులు వాళ్లు.

గింజకు వచ్చిన మొక్కల్ని తాత తాకలేదు. "అయి వద్దు. రాలనీ."

ఎండ ముదిరాక మనవడికి దాహమేసింది. తాత పల్లపు ఇసుకలో మోచేతి లోతున చెలమ తీశాడు. ఉప్పు కయ్యకు అంత దగ్గర్లోనూ మంచినీళ్లే ఊరాయి, కాకపోతే మడ్డిగా. నడుముకు కట్టుకున్న మూటలోంచి చిల్లగింజ తీసి, ముంత లోపలి గోడకు అరగదీసి, నీళ్లు పోసి పక్కన పెట్టాడు. పిల్లాడు తొంగి చూస్తూ కూర్చున్నాడు. మడ్డి మెల్లగా అడుగుకు దిగింది.

"ఈ చెట్టు యాడుందో తెలుసా నీకు?"

"పాల చెట్ల తోపు దాటినాక."

"తోపుకు ఏ పక్క?"

వాడు తడుముకున్నాడు. తాత ముంత అలాగే వదిలేసి వాణ్ని లేవదీసి అక్కడిదాకా నడిపించాడు. ఏ పక్కో వాడి చేతే చూపించి, మళ్లీ తీసుకొచ్చి, అప్పుడు నీళ్లు తాగనిచ్చాడు.

తిరిగొచ్చే దారిలో తేనె పట్టు కనిపించింది. పొగ పెట్టి, తేనె ఉన్న భాగం వరకే కోసి, పిల్లలున్న పట్టును కొమ్మకే ఉంచాడు. నీటి అంచున ఎండ్రకాయ బొక్కలు చూపించి, ఏది కొత్తదో ఏది పాతదో బయట పడిన మన్ను తడిని బట్టి చెప్పమన్నాడు. రెండు తప్పాయి, మూడోది సరిపోయింది.

అప్పుడడిగాడు పిల్లాడు: "తాతా, అవతలికి పోతే ఇయన్నీ ఆడ ఉంటాయా?"

తాత జవాబివ్వలేదు. చిరువేరు మొక్క ఆకు తుంచి వాడి చేతిలో పెట్టి, "దీని పేరేంది, చెప్పు," అన్నాడు.

పిల్లాడు అలా అడగడానికి కారణముంది. రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేసింది 1969లో. తూర్పున సముద్రం, పడమర పులికాటు, జనం తక్కువ. కేంద్రం కిందికి వచ్చిన నేల సుమారు 43,360 ఎకరాలు. దీవిలో చాలా ఊళ్లూ గూడేలూ ఖాళీ అయ్యాయి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది. ఆ విజయాలను చూసి గర్వించని తెలుగువాడు లేడు, నేనూ గర్విస్తాను. కానీ దీవి ఖాళీ చేసినవాళ్లు పోగొట్టుకున్నది గుడిసెలొక్కటే కాదు. అవతల కట్టెలు కొట్టినా, చేపలు పట్టినా, పొలాల్లో ఎలుకలు పట్టినా, పిల్లాణ్ని పక్కన నడిపిస్తూ నేర్పడానికి ఆ అడవి లేకుండా పోయింది. నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు కాబట్టి కొంత అక్షరాల్లో నిలిచింది. ఏ తోపుకు ఏ పక్క చిల్లచెట్టుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇలా నేర్పే తాతలు వేరే చోట్లా ఉన్నారు. ఉత్తర అమెరికాలో సుపీరియర్ సరస్సు చుట్టుపక్కల ఒజిబ్వే ఆదివాసులున్నారు. అక్కడి తాతలు, అవ్వలు మనవల్ని చిన్న పడవల్లో ఎక్కించుకుని, నీళ్లలో తనంతట తాను పెరిగే ధాన్యాన్ని కర్రలతో తట్టి రాల్చడం నేర్పుతారు. కొన్ని గింజలు నీళ్లలోనే పడాలి, వచ్చే ఏటి పంట అవే. మన తాత "రాలనీ" అన్న మాటే అది. కానీ కెనడా సర్కారు ఒజిబ్వేలతో సహా ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి వసతి బడుల్లో పెట్టి, తాతల భాష పలకనివ్వలేదు. ఆ బడులు 1990ల దాకా సాగాయి. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఇప్పుడు అక్కడ చాలాచోట్ల పెద్దవాళ్లనే బడికి పిలిచి పాఠం చెప్పిస్తున్నారు.

 మన దగ్గర యానాది పిల్లాడు బడికెళ్తే, ఎలుకలు పట్టేవాళ్ల బిడ్డ అన్న ఎగతాళి వాడికి ఎదురవుతూనే ఉంది. ఎలుక బొక్కకు ఎన్ని దారులున్నాయో, ఏ దారి మూసి ఏ దారిలో పొగ ఊదాలో తెలియడం చదువని వాడి పంతులుకు తోచకపోతే, వాడు తన తాతను చూసి సిగ్గుపడటం నేర్చుకుంటాడు. అంతకంటే అన్యాయం నాకు కనిపించదు.

రాకెట్ కేంద్రం కంచెలో ఉండటం వల్ల శ్రీహరికోట అడవి చాలావరకు నిలిచింది. తూర్పు తీరంలో ఇంత పెద్ద మెట్ట సతతహరితారణ్యం ఇంకా మిగిలి ఉండటం అరుదు. పాల చెట్లున్నాయి, చిల్లచెట్లున్నాయి. ఆ వేసవి నాటి పిల్లల్లో బతికి ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటింది, వాళ్లే తాతలు. దీవి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఆ జిల్లాలోనూ నెల్లూరులోనూ యానాది కాలనీల దగ్గర బడి నడిపే పంతుళ్లకు నా మనవి: వారానికొక పూట ఆ తాతల్లో ఒకరిని పిలవండి. పిల్లల్ని వాళ్ల వెంట చెరువు గట్టుకో ఇసుక పర్రకో పంపండి. ఆ పూటకు పంతులుకిచ్చే జీతమే వాళ్లకూ ఇప్పించండి.