వస్తువే ఆధారం: పాత అమెరికన్ మాండలిన్ల గుర్తింపు, మరమ్మతు, సేకరణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• అమెరికాలో మాండలిన్ వ్యాప్తికి కారణాలను వివరించగలుగుతారు.
• ఒక పాత వాద్యం కాలాన్ని నిర్ణయించే ఆధారాలను గుర్తించగలుగుతారు.
• మరమ్మతు, సేకరణ అనేవి చారిత్రక ఆధారాలపై చూపే ప్రభావాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్రకారునికి ఆధారాలు అంటే శాసనాలు, తాళపత్రాలు, ప్రభుత్వ రికార్డులు మాత్రమే కావు. మనుషులు తయారుచేసి, వాడి, బాగుచేయించుకొని, చేతులు మార్చుకొన్న వస్తువులు కూడా ఆధారాలే. అయితే శాసనం చెక్కిన తరవాత సాధారణంగా మారదు. వాడుకలో ఉన్న వస్తువు మాత్రం ప్రతి మరమ్మతుతోనూ మారుతుంది. అందువల్ల ఒక వస్తువును ఆధారంగా స్వీకరించే ముందు, అందులో ఏది మొదటిది, ఏది తరవాత చేరింది అని విడదీయడం చరిత్రకారుని మొదటి పని. పాత అమెరికన్ మాండలిన్లు ఈ పద్ధతిని నేర్చుకోవడానికి మంచి ఉదాహరణ.

మాండలిన్ అనగానే తెలుగువారికి 1969లో పాలకొల్లులో జన్మించి, ఈ పాశ్చాత్య వాద్యంపై కర్ణాటక సంగీతాన్ని పలికించిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకు వస్తారు. ఆయన వాయించింది ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండలిన్. ఈ పాఠంలో మనం పరిశీలించేది అంతకు ముందు తరానిది. అది విద్యుత్తు అవసరం లేని, నాలుగు జతలుగా ఎనిమిది తీగలు గల వాద్యం.

2. అమెరికాలో మాండలిన్ వ్యాప్తి

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. నేపుల్స్ నగరంలో రూపుదిద్దుకొన్న దాని వీపు సన్నని కలప బద్దలను అతికించి చేసిన గుండ్రటి బుర్రలా ఉంటుంది. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఇటాలియన్ వలసదారులతో పాటు ఇది అమెరికా చేరింది. 1880లో ‘స్పానిష్ విద్యార్థులు’ అనే పేరుతో ఒక సంగీత బృందం న్యూయార్క్‌లో ప్రదర్శనలిచ్చి విశేష ఆదరణ పొందింది. వారు వాయించినది బండూరియా అనే స్పెయిన్ వాద్యం. ఆ ఆదరణను గమనించిన న్యూయార్క్ ఇటాలియన్ వాద్యకారులు అదే తరహాలో బృందాలు ఏర్పరచి, తమ చేతిలో ఉన్న మాండలిన్లను వాయించారు. ఆ విధంగా మాండలిన్ బృందాలకు గిరాకీ పెరిగింది.

1890ల నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు పట్టణాలలో, కళాశాలలలో మాండలిన్ క్లబ్బులు, ఆర్కెస్ట్రాలు వెలిశాయి. షికాగోలోని లయన్ అండ్ హీలీ సంస్థ ‘వాష్‌బర్న్’ పేరుతో మాండలిన్లను పెద్ద ఎత్తున తయారుచేసింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నజరేత్‌లో గిటార్లు తయారుచేసే మార్టిన్ సంస్థ కూడా 1890లలో ఈ రంగంలోకి వచ్చింది. సియర్స్ వంటి సంస్థలు కేటలాగు చూసి తపాలా ద్వారా తెప్పించుకొనే పద్ధతిలో చవక మాండలిన్లను పల్లెలకు సైతం చేర్చాయి. ఫ్యాక్టరీ ఉత్పత్తి, రైలు రవాణా, తపాలా వ్యాపారం కలిస్తేనే ఈ వ్యాప్తి సాధ్యమైందని గమనించాలి.

3. గిబ్సన్: కొత్త రూపకల్పన

మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ (1856-1918) అనే కళాకారుడు వయొలిన్ తరహాలో పై పలకను, వెనుక పలకను ఉబ్బెత్తుగా చెక్కి మాండలిన్ తయారుచేశాడు. పక్క భాగాన్ని కలపను వంచి కాక, ఒకే దిమ్మ నుంచి కోసి తీశాడు. ఈ నిర్మాణానికి 1898లో పేటెంటు లభించింది. 1902లో అయిదుగురు స్థానిక వ్యాపారులు ఆయన పేరుతో కంపెనీ స్థాపించారు. కొన్ని సంవత్సరాలలోనే కంపెనీ పక్క పలకలను వేడితో వంచే పద్ధతికి మారింది. కాబట్టి కోసి తీసిన పక్కలు గల వాద్యం తొలి దశకు చెందినదని చెప్పవచ్చు.

1919లో కంపెనీలో చేరిన లాయిడ్ లోర్ ఆధ్వర్యంలో 1922లో ఎఫ్-5 అనే నమూనా వెలువడింది. పై పలకపై గుండ్రటి రంధ్రానికి బదులు వయొలిన్‌లో వలె రెండు ‘ఎఫ్’ ఆకారపు రంధ్రాలు దీని ప్రత్యేకత. 1922-1924 మధ్య తయారైన ఈ వాద్యాలలో లోర్ సంతకం, తేదీ ఉన్న లేబుళ్లు కనిపిస్తాయి. కాని అప్పటికే మాండలిన్ మోజు తగ్గి, జాజ్ సంగీతంతో బాంజోకు గిరాకీ పెరిగింది. 1924 చివరలో లోర్ కంపెనీని విడిచి వెళ్లాడు. ఆర్కెస్ట్రాల కోసం రూపొందిన ఎఫ్-5 తన కాలంలో వ్యాపారపరంగా విజయం సాధించలేదు.

4. గుర్తింపు: ఆధారాలను సరిపోల్చడం

పాత మాండలిన్ కాలాన్ని నిర్ణయించడానికి మూడు రకాల ఆధారాలు ఉపయోగపడతాయి.

(అ) రాతపూర్వక ఆధారాలు: గిబ్సన్ వాద్యం లోపల లేబుల్‌పై క్రమసంఖ్య ఉంటుంది. దండి వాద్యపు బుర్రతో కలిసే చోట, లోపలి దిమ్మపై ఫ్యాక్టరీ ఆర్డరు సంఖ్య ముద్రించి ఉంటుంది. లేబుల్ కాగితం. దానిని ఊడదీసి మరో వాద్యంలో అతికించవచ్చు, నకలు తయారుచేయవచ్చు. దిమ్మపై ముద్రను మార్చడం అంతకంటే కష్టం. రెండు సంఖ్యలూ ఒకే కాలాన్ని సూచిస్తే నమ్మకం పెరుగుతుంది.

(ఆ) నిర్మాణ లక్షణాలు: స్క్రూలతో ఎత్తు సరిచేసుకొనే బ్రిడ్జి (వీణలో గుర్రం వంటి భాగం) గిబ్సన్ వాద్యాలపై 1921 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. దండి వంగకుండా లోపల అమర్చే ఇనుప కడ్డీ ఆ తరవాత వచ్చింది. ఈ కడ్డీ ఉన్న వాద్యం తల భాగంపై చిన్న మూత ఉంటుంది. ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకొందాం. లేబుల్ 1915ను సూచిస్తున్నది, బ్రిడ్జి 1921 తరవాతిది. బ్రిడ్జి తీసి పెట్టగల భాగం కాబట్టి, అది తరవాత మార్చినదని చెప్పవచ్చు. కాని దండిలో ఇనుప కడ్డీ కూడా ఉంటే, లేబుల్‌నే అనుమానించాలి, లేదా దండిని మార్చారేమో పరిశీలించాలి. సులభంగా మారేవి, మారనివి అనే తేడా ఇక్కడ ముఖ్యం.

(ఇ) పదార్థం: గిబ్సన్ కేటలాగులు వెనుక పలక మేపుల్ కలపతో చేసినదని ప్రకటించిన కాలంలోనే, చవక శ్రేణి మాండలిన్లు అనేకం బర్చ్ కలపతో తయారయ్యాయి. ఈ సంగతి వాద్యాన్ని స్వయంగా పరిశీలిస్తేనే తెలుస్తుంది. కేటలాగు కంపెనీ చెప్పుకొన్న మాట, వస్తువు కంపెనీ చేసిన పని. రెండూ విభేదించినప్పుడు ఆ విభేదమే చరిత్రకారునికి సమాచారం.

5. మరమ్మతు: ఏది కాపాడాలి?

పాత మాండలిన్‌కు ప్రధాన శత్రువు తీగల బిగువు. సన్నని తీగల కోసం చేసిన వాద్యానికి నేటి మందపాటి తీగలు కడితే పై పలక కుంగుతుంది, దండి వంగుతుంది. కాలం గడిచే కొద్దీ సెల్యులాయిడ్ భాగాలు విచ్ఛిన్నమై వాయువులను వెలువరిస్తాయి. వాటివల్ల సమీపంలోని లోహ భాగాలు తుప్పుపడతాయి.

అతుకులు ఊడినప్పుడు పాత పద్ధతిలో జంతు చర్మాలను ఉడికించి తీసిన జిగురునే వాడడం మంచిది. తేమ, వేడి తగిలితే అది వదులుతుంది కాబట్టి, రేపటి పనివాడు పలకకు హాని లేకుండా మళ్లీ విప్పగలడు. ఎపాక్సీ వంటి జిగురులకు ఆ సౌలభ్యం లేదు. పాత వార్నిష్‌ను గీకి కొత్తది పూస్తే వాద్యం మెరుస్తుంది. కాని ఫ్యాక్టరీ పూత, వాద్యకారుని చేతి ఒరిపిడి రెండూ శాశ్వతంగా పోతాయి. అందుకే సేకర్తలు కొత్త పూత వేసిన వాద్యానికి తక్కువ ధర కడతారు. వాద్యం మోగేందుకు అవసరమైనంత మేరకే జోక్యం చేసుకోవడం, చేసిన ప్రతి మార్పునూ రాసి ఉంచడం మంచి మరమ్మతు లక్షణాలు.

అయితే వాడుక గుర్తులన్నీ లోపాలేనా? బిల్ మన్రో మాండలిన్ ఈ ప్రశ్నకు సమాధానం ఇస్తుంది. లోర్ 1923లో సంతకం చేసిన ఈ ఎఫ్-5ను మన్రో 1940లలో ఫ్లోరిడాలోని ఒక క్షౌరశాలలో చూసి కొన్నాడు. బ్లూగ్రాస్ అనే సంగీత శైలి దీనిపైనే రూపుదిద్దుకొంది. మరమ్మతుకు పంపినప్పుడు జరిగిన పని నచ్చక, ఆయన తల భాగంపై ఉన్న కంపెనీ పేరును కత్తితో చెక్కివేశాడు. 1985లో ఒక ఆగంతకుడు ఆయన ఇంట్లో దూరి వాద్యాన్ని ముక్కలు ముక్కలుగా పగలగొట్టాడు. గిబ్సన్ సంస్థకు చెందిన చార్లీ డెరింగ్టన్ ఆ ముక్కలనే జాగ్రత్తగా అతికించి 1986లో తిరిగి మోగేలా చేశాడు. ప్రస్తుతం అది నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో ఉంది. పై పలకను పూర్తిగా మార్చి ఉంటే పని సులభమయ్యేది, కాని దశాబ్దాల వాడుకకు సాక్ష్యం మిగిలేది కాదు.

6. సేకరణ: విలువ ఎవరు నిర్ణయిస్తారు?

మన్రో కీర్తి వల్ల, తన కాలంలో అమ్ముడుపోని ఎఫ్-5కు గిరాకీ వచ్చింది. లోర్ సంతకం ఉన్న వాద్యం ధర నేడు లక్ష డాలర్లు దాటడం సాధారణమైంది. ధర పెరిగినందువల్ల ఈ వాద్యాల సంఖ్యలు, తేదీలు, లక్షణాలు శ్రద్ధగా నమోదయ్యాయి. అదే సమయంలో నకిలీలు తయారుచేయాలన్న ఆశ కూడా పెరిగింది.

మరోవైపు, వలస కుటుంబాలు, గుమాస్తాలు, విద్యార్థులు వాయించిన షికాగో చవక మాండలిన్లు వేల సంఖ్యలో తయారైనా, బాగుచేయించే ఖర్చు వాటి ధరను మించడం వల్ల పారవేతకు గురవుతున్నాయి. సంత వదిలేసిన ఈ వాద్యాలే సామాన్యుల సంగీత జీవితానికి దగ్గరి ఆధారాలు. సంత విలువ, చారిత్రక విలువ ఒకటి కావని దీనివల్ల అర్థమవుతుంది.

సేకరణకు చట్టపరమైన హద్దులూ ఉన్నాయి. పాత వాద్యాలలో కనిపించే తాబేటి చిప్ప, బ్రెజిల్ రోజ్‌వుడ్ కలప అంతరించిపోయే జాతులకు చెందినవి. 1975లో అమలులోకి వచ్చిన ‘సైటీస్’ అంతర్జాతీయ ఒప్పందం ఇటువంటి వాటి వ్యాపారాన్ని నియంత్రిస్తుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేరింది. కాబట్టి ఇటువంటి వాద్యాన్ని దేశం దాటించాలంటే తగిన అనుమతి పత్రాలు ఉండాలి.

7. సారాంశం

వలస, ఫ్యాక్టరీ ఉత్పత్తి, తపాలా వ్యాపారం వల్ల మాండలిన్ అమెరికా అంతటా వ్యాపించింది. లేబుల్, నిర్మాణం, పదార్థం అనే మూడింటినీ సరిపోల్చి వాద్యం కాలాన్ని నిర్ణయించాలి. ప్రతి మరమ్మతూ ఆ వస్తువు చరిత్రలో ఒక కొత్త అధ్యాయాన్ని చేరుస్తుంది, ఒక్కొక్కసారి పాత అధ్యాయాన్ని చెరిపివేస్తుంది. మీ ఇంట్లోని పాత హార్మోనియం, గడియారం, కుట్టు మిషను వంటి వస్తువులను కూడా ఇదే పద్ధతిలో పరిశీలించవచ్చు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మాండలిన్ బృందాల ఆదరణకు 1880 నాటి ప్రదర్శనలు ఎలా దోహదం చేశాయి?
2. లేబుల్ ఒక్కదాని ఆధారంగా వాద్యం కాలాన్ని ఎందుకు నిర్ణయించకూడదు?
3. బిల్ మన్రో మాండలిన్ ఆధారంగా, వాడుక గుర్తులకు గల చారిత్రక ప్రాధాన్యాన్ని చర్చించండి.