చౌకబంతి చరిత్ర

రాజులకు చరిత్ర కలదు, కోటలకు కలదు, గ్రంథములకు కలదు. పిడికిటిలో నిముడు ఆటబంతికి చరిత్ర యేమని కొందఱు సంశయింతురు. నేటి ప్రసంగములో నేను చెప్పదలచినది అట్టి యొక బంతిని గూర్చియే. అది గోల్ఫు బంతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల శ్రోతలలో పెక్కుమందికి ఈ యాట పరిచితము కాకపోవచ్చును. కాని బంతి యేల దూరము పోవును, ఏల వంకరపోవును, తక్కువ వెలకు మంచి బంతిని ఎట్లు ఏఱుకొనవలెను అను ప్రశ్నలు ఒక్క గోల్ఫునకే చెందినవి కావు. వాని వెనుక దీర్ఘమైన శాస్త్రచరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక యధ్యాయము మన దక్షిణదేశపు తీరముననే ముగిసినది.

ఆట స్వరూపమును ముందుగా రెండు మాటలలో చెప్పెదను. విశాలమైన పచ్చికబయలులో పదునెనిమిది చిన్న గుంటలు దూరదూరముగా నుండును. ఆటగాడు బంతిని కఱ్ఱతో కొట్టి ఒక్కొక్క గుంటలోనికి చేర్చవలెను. ఎంత తక్కువ దెబ్బలతో చేర్చిన అంత గెలుపు. గుంట నాలుగైదు వందల గజముల దూరమున నుండవచ్చును గనుక మొదటి దెబ్బకు బంతి దూరము పోవలెను. ప్రక్కకు పోయి పొదలలో పడరాదు. పడినచో దెబ్బలు పెరుగును, బంతియు పోవును. స్కాట్లండులో పెరిగిన యీ యాట 1829లో కలకత్తాలో నెలకొన్న సంఘముతో మన దేశమున వేరూనినది. బ్రిటీషు దీవులకు వెలుపల నున్న గోల్ఫు సంఘములలో అదియే ప్రాచీనతమము. నేడు హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా గోడల నడుమ గోల్ఫు మైదానము కలదు.

జొన్నచేలలో మంచెపై నిలిచి ఒడిసెల త్రిప్పిన కావలివానికి ఈ విషయములో సగము తెలిసియే యుండును. అతడు చేతికందిన ప్రతి రాతిని ఒడిసెలలో పెట్టడు. వాగులో దొరలి గుండ్రనైన రాళ్లను, ఇంచుమించు ఒక్క తూకము గలవానిని ఏఱి ఒడిలో పోసికొనును. పెచ్చురాయి గాలిలో వంకరపోవును. మరీ తేలికరాయి పిట్టను చేరకమునుపే వాలిపోవును. నాగర్‌కర్నూలు పొలములలో ఏ పాఠశాలయు లేక నేర్చిన విద్య యిది. అయితే రాయి యెంత నునుపైన అంత మేలను తలంపును గోల్ఫు బంతి తలక్రిందు చేసినది. అది యెట్లో చెప్పుటకు ముందు బంతి తిరుగుడును గూర్చి చెప్పవలెను.

గద్వాలలో సోమనాద్రి కోట కట్టించినది పదునెనిమిదవ శతాబ్దపు తొలినాళ్లలో. ఆ కాలమున ఫిరంగి గుండు దక్కనులో రాజ్యముల తలవ్రాతలను మార్చుచుండెను. అయినను ఒకే ఫిరంగి, ఒకే మందు, ఒకే గుఱి యుండగా గుండ్లు వేఱువేఱు చోట్ల ఏల పడునో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. ఏటవాలుగా కొట్టిన టెన్నిసు బంతి వంకగా పోవుటను న్యూటను 1672లోనే గమనించి యుండెను. దానిని తుపాకిగుండునకు అన్వయించి పరీక్షించినవాడు బెంజమిన్ రాబిన్సు. ఆయన ఫిరంగి శాస్త్రముపై 1742లో గ్రంథము ప్రకటించెను. ఒక తుపాకి గొట్టపు కొనను ఎడమకు వంచి కాల్చి చూపెను. గుండు మొదట ఎడమకే పోయెను. కాని దూరము పోయినకొలది కుడికి తిరిగెను. వంపులో గొట్టపు కుడిగోడను ఒరసికొనుచు దొరలుటచే గుండునకు తిరుగుడు కలిగినదనియు, తిరుగుచున్న గుండును గాలి ప్రక్కకు నెట్టుననియు ఆయన సిద్ధాంతము. మహాగణితవేత్త ఆయిలరు దీనిని అంగీకరింపలేదు. గుండు సరిగా గుండ్రముగా లేకపోవుటయే కారణమని ఆయన వాదించెను. కాలము రాబిన్సు పక్షమున తీర్పు చెప్పినది.

ఈ రాబిన్సు తూర్పిండియా కంపెనీకి ప్రధాన యంత్రశాస్త్రజ్ఞుడై, కోటలను బాగుచేయుటకు మదరాసు సీమకు వచ్చెను. 1751 జూలైలో కడలూరు చెంత ఫోర్టు సెంటు డేవిడులో జ్వరముచే మరణించెను. 1852లో జర్మనీ దేశపు మాగ్నసు ఇదే విషయమును పరిశోధించగా, ఆ ప్రభావమునకు ఆయన పేరే స్థిరపడినది. మొదట కనుగొన్నవాడు మన పొరుగు మట్టిలో కలిసిపోయెను.

ఇక గోల్ఫు బంతి కడకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వరకు ఆ బంతి తోలుసంచి. ఉడికించిన పక్షియీకలను ఒక టోపీ నిండుగా తీసి, ఆ చిన్న సంచిలో కూరి కుట్టెడివారు. నేర్పరియైన పనివాడు రోజంతయు శ్రమించి మూడు నాలుగు బంతులకు మించి చేయలేకుండెను. అందుచే ఒక్క బంతి రెండున్నర షిల్లింగులు మొదలు ఐదు షిల్లింగుల వరకు పలికెడిది. తడిసిన బరువెక్కును, కఱ్ఱ అంచు తగిలిన పగులును. ఒక దినపు ఆటలో పెక్కు బంతులు పాడగుచుండెను. కావున బీదవాడు ఆటను చూడవలసినదే గాని ఆడుట కష్టము.

1848 ప్రాంతమున గట్టాపర్చా బంతి వచ్చెను. మలయా దేశపు చెట్ల పాలనుండి యేర్పడు ఈ పదార్థము వేడినీటిలో మెత్తబడి, చల్లారిన గట్టిపడును. తూర్పుదేశమునుండి స్కాట్లండునకు పంపబడిన విష్ణువిగ్రహము చుట్టు ఈ పదార్థపు తునకలను సర్దియుండిరనియు, వానిని కరగించి ఒక విద్యార్థి తొలిబంతి చేసెననియు కథ చెప్పుదురు. కథను కథగానే యుంచుదము. వెలమాత్రము కథ కాదు: కొత్త బంతి ఒక షిల్లింగునకే దొరకెను. పగిలినచో మరల కాచి మూసలో పోయవచ్చును. ఈకల బంతులు చేసి జీవించు అలన్ రాబర్ట్‌సను దీనిని ద్వేషించెను. ఆయన శిష్యుడును తోడి పనివాడునగు టామ్ మోరిసు కొత్త బంతితో ఆడినందుకు ఇరువురికి చెడి, మోరిసు వేఱుపడి పోయెను. రాబర్ట్‌సను కోపము వట్టి మూర్ఖత్వము కాదు. అతని యంగడి ఆ ఈకలపైననే నిలిచియుండెను. అయినను చౌకబంతి గెలిచినది. అది గెలిచిన పిమ్మట ఆట వేలమంది క్రొత్తవారికి అందినది.

ఇచ్చట ఒక వింత జరిగెను. నునుపుగా మెఱయు కొత్త గట్టాపర్చా బంతి గాలిలో ఉన్నట్టుండి క్రుంగిపోవుచుండెను. దెబ్బలు తిని గాట్లుపడిన పాతబంతి దానిని మించి పోవుచుండెను. ఇది చూచి పనివారు కొత్తబంతిపై సుత్తితో గాట్లు కొట్టి యమ్మసాగిరి. 1905లో లెస్టరు నగరపు విలియం టెయిలరు చిన్న సొట్టలు గల బంతికి పేటెంటు కోరెను. కారణమును 1904లో ప్రాండ్టిలు ప్రతిపాదించిన సిద్ధాంతము తేటపఱచినది. బంతిని అంటి ప్రవహించు పలుచని గాలిపొరను సొట్టలు కలచివేయును. కలత చెందిన గాలి బంతి వీపును మఱికొంత దూరము అంటిపెట్టుకొని పోవును. అందుచే వెనుక నేర్పడు గాలిసుడి సన్నగిలి, బంతిని వెనుకకు లాగు బలము తగ్గును. నునుపుబంతి సొట్టలబంతి పోవు దూరములో ఇంచుమించు సగమే పోవును.

ఎడింబరో ఆచార్యుడు టెయిటు 1890 తరువాతి యేండ్లలో తిరుగుడు సంగతి తేల్చెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ గొప్ప ఆటగాడు. ఆచార్యుడు బంతికి పలుచని నాడా కట్టి కొట్టించి, నాడాలో పడిన మెలికలను లెక్కించి, బంతి యెన్ని చుట్లు తిరిగినదో కనుగొనెను. బంతి అడుగుభాగము ముందునకును పైభాగము వెనుకకును తిరుగునప్పుడు గాలి దానిని పైకి ఎత్తును. ఈ యెత్తుబలముచేతనే బంతి విసరిన రాతికంటె ఎక్కువసేపు గాలిలో నిలుచును. కాని తిరుగుడు మితిమీరిన బంతి నిట్టనిలువుగా లేచి, దూరము పోక పడును. తిరుగుడు ఇరుసు ఒక ప్రక్కకు ఒరిగినచో బంతి కుడికో యెడమకో వంగును. కొత్తగా నేర్చువాని దెబ్బలో ఈ రెండు దోషములును కలిసి యుండుట సాధారణము. తిరుగుడు పప్పులో ఉప్పు వంటిది: లేకున్నను చెడును, ఎక్కువైనను చెడును.

తరువాతి మార్పు మన గద్వాల నేతవారికి సులభముగా బోధపడును. 1898లో అమెరికా దేశపు కోబర్ను హాస్కెలు రబ్బరు గింజ చుట్టు రబ్బరు దారమును బిగించి చుట్టి, దానిపై గట్టాపర్చా తొడుగు వేయించెను. కండె చుట్టువానికి తెలియును, బిగువు సమముగా లేని చుట్టలో పని చెడునని. ఆ బంతికిని అంతే. 1902లో సాండీ హెర్డు ఈ బంతితో బ్రిటీషు ఓపెను పోటీ గెలిచిన పిమ్మట గట్టాపర్చా బంతి కాలము తీరినది. చుట్టుడు బంతి శతాబ్దమునకు దగ్గరగా రాజ్యమేలినది. అది బాగుగా తిరుగును గనుక నేర్పరుల చేతిలో గుంట చెంత చెప్పినట్లు నిలిచెడిది. సామాన్యుని చేతిలో అంత సులభముగా వంకరపోయెడిది. తొడుగు కోసికొనిపోయి పనికిరాకుండ పోయెడిది.

చౌకబంతి రెండవమారు గెలిచినది 1960, 1970 దశకములలో. అయనోమరు అను గట్టి ప్లాస్టిక్కు తొడుగు, లోపల ఒక్కటే రబ్బరు గుండె: రెండే భాగములు. దారము లేదు, చుట్టు పనియు లేదు. తొడుగు కత్తివలె తగులు దెబ్బకును తెగదు. పెద్దకఱ్ఱతో కొట్టినప్పుడు దీనికి తిరుగుడు తక్కువ. అందుచే అది తిన్నగా దూరము పోవును. నేర్పరులు దీనిని రాయి యని యెగతాళి చేసిరి. సామాన్యులు దానినే కొనిరి. 2000లో వచ్చిన టైటిలిస్టు ప్రో వి వన్ వంటి ఖరీదైన బంతులు కూడ చుట్టుడు దారమును విడిచి గట్టి గుండెనే గ్రహించినవి. వాని పైతొడుగు మాత్రము మెత్తని యురిథేను. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఎచ్చట విలువైన సరకు అవసరమో అచ్చటనే దానిని వాడుట ఆ నేతలోని వివేకము. బంతికిని అదే ప్రశ్న: మనకు పట్టుతొడుగు అవసరమా?

ఇప్పుడు ఎన్నిక సంగతి. నియమముల ప్రకారము బంతి బరువు 45.93 గ్రాములను మించరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. వెల యెక్కువైనను తక్కువైనను ఈ హద్దు ఒక్కటే. కావున ఖరీదైన బంతిలో దాగిన మాయాదూరము లేదు. అది ముఖ్యముగా ఇచ్చునది గుంట చెంత చిన్నదెబ్బకు పట్టు. ఆ పట్టును వాడుకొను నేర్పు ఇంకను రానివాడు రెండు భాగముల అయనోమరు బంతిని కొనుటయే మేలు. గుండె మెత్తనైనకొలది తిరుగుడు సాధారణముగా తగ్గును. మరీ మెత్తనైన వేగమును కొంత తగ్గును. దెబ్బ వేగము తక్కువగా గలవాడు తిరుగుడును పూర్తిగా పోగొట్టుకొనరాదు, ఎత్తుబలము లేక బంతి ముందే వాలును. అట్టివాడు బంతిని కొంచెము ఎత్తుగా లేపు కఱ్ఱను వాడవలెను. దొరికిన పాతబంతులు కొనవచ్చును. కాని మరల రంగు పూసినవానిని వదలవలెను, రంగు సొట్టలను పూడ్చును. అన్నిటికి మించి ఒక్క రకమునే పట్టుకొని ఆడవలెను. దినమునకొక బంతి మార్చువానికి తప్పు బంతిదో చేతిదో తెలియదు.

బంతి సమతూకమును ఇంటనే పరీక్షింపవచ్చును. రాజుల కాలము గడచినపిమ్మట వనపర్తి రాజభవనము సాంకేతిక విద్యాలయమునకు నెలవైనది. అట్టి విద్యాలయపు బాలురకు ఇది చక్కని పాఠము. గిన్నెడు గోరువెచ్చని నీటిలో బంతి తేలువరకు ఉప్పు కరగింపవలెను. తేలిన బంతి తలపై చుక్క పెట్టి త్రిప్పి వదలవలెను. ఎన్నిమార్లు త్రిప్పినను ఆ చుక్కయే పైకి వచ్చినచో బంతి ఒకవైపు బరువైనది. దానిని అభ్యాసమునకు మాత్రమే ఉంచవలెను. ఉప్పునకైన ఖర్చు తప్ప వేఱు వ్యయము లేదు.

ఇంతయు ఏల చెప్పితిని? ఈ యాట ధనికులదని లోకవాడుక. అది చాలవరకు నిజమే. కాని ఢిల్లీలో ఆటగాండ్ర సంచులు మోసి పెరిగిన ఆలీ షేరు 1991లో ఇండియన్ ఓపెను గెలిచెను. 1993లో మరల గెలిచెను. ఆ పోటీలో అంతకుమునుపు ఏ భారతీయ వృత్తి ఆటగాడును గెలిచి యుండలేదు. పాలమూరు సీమనుండి బ్రతుకుతెరువునకు నగరము చేరిన కుటుంబములు లెక్కకు మిక్కిలి. వారిలో ఒక బాలుడు రేపు గోల్ఫు మైదానమున సంచి మోయవచ్చును. తీరికవేళ ఒక కఱ్ఱ చేతబట్టవచ్చును. అతనికి మైదానము కొనుట సాధ్యము కాదు, కఱ్ఱలు కొనుట కష్టము. అతనికి అందగలిగినది బంతి యొక్కటే.

చౌకబంతి అనగా తక్కువబంతి యని ఆ బాలుని ఎవ్వరును నమ్మింపరాదు. ఈకల బంతిని ఓడించినది చౌకబంతి. గాట్లుపడిన పాతబంతియే కొత్తదానికి ఎగురుట నేర్పినది. రాయి యని నవ్వబడిన బంతియే నేటి బంతులకు గుండె యైనది. వెల చూచి వెఱవక, పని చూచి కొనువాడే ఈ చరిత్రను సరిగా చదివినవాడు.