సిగిరియ శిలపై స్త్రీమూర్తులు

చిత్రరచనకు చదునైన గోడను, పలకను, వస్త్రాన్ని ఎన్నుకొనుట లోకసహజం. అజంతాలో సైతం చిత్రకారునకు ముందుగా శిల్పి కొండను తొలిచి గోడలు సిద్ధపరచినాడు. శ్రీలంకలోని సిగిరియలో అట్టి ఏర్పాటు లేదు. చుట్టునున్న నేలకు సుమారు 200 మీటర్ల ఎత్తున నిలిచిన ఏకశిల అది. దాని పడమటి ముఖాన, ప్రకృతి తొలిచిన ఒక గుంటలో, వంపులు తిరిగిన రాతిమీదనే అక్కడి చిత్రకారులు మనుష్యరూపాలను దించినారు.

క్రీ.శ. 5వ శతాబ్దంలో కాశ్యపుడు తండ్రియైన ధాతుసేనుని చంపించి రాజైనాడు. సోదరుడు మొగ్గల్లానుడు దక్షిణ భారతానికి పారిపోయినాడు. అతడు తిరిగి వచ్చునన్న భయంతో కాశ్యపుడు ఈ శిలను ఆశ్రయించినాడని ‘చూళవంశం’ చెబుతున్నది. క్రీ.శ. 495లో ఆ భయమే నిజమైనది. కాశ్యపుడు నశించినాడు, రాజధాని అనురాధపురానికి మరలినది. కొండమీది స్త్రీలు మాత్రం మిగిలినారు.

వట్టి రాయి రంగును నిలుపుకొనదు. కనుక మట్టిలో ఊకను, నారను కలిపి తొలిపూత మెత్తినారు. ఇసుక, సున్నం చేర్చిన మట్టితో రెండవ పూత పూసి, దానిపై నునుపైన సున్నపు పూత వేసినారు. రంగులు ప్రధానంగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అన్నియు నేల ఇచ్చినవే. ఒక స్త్రీమూర్తి చేతిని మొదట ఒక భంగిమలో గీసి, పిదప మార్చినారు. ఆ తొలిరేఖ నేటికీ కనబడుతున్నది. కుంచె పట్టినవాని సందేహం పదునైదు శతాబ్దాలుగా అక్కడ నిలిచి ఉన్నదన్నమాట.

ఈ స్త్రీలెవరు? పూజాపుష్పాలతో పిదురంగల విహారానికి పోవుచున్న అంతఃపుర స్త్రీలని పురావస్తుశాఖాధికారి హెచ్. సి. పి. బెల్ తలచినాడు. నడుము క్రింది భాగం మేఘాలలో మరుగుపడియున్నది గనుక అప్సరసలని ఆనంద కుమారస్వామి భావించినాడు. మేఘకన్యలు, విద్యుత్కన్యలు అని సేనరత్ పరణవితాన వ్యాఖ్యానించినాడు. మేఘాలను చూచినప్పుడు తక్కిన ఇద్దరి మాట సబబుగానే తోచును. కాని ముఖాలను చూచినప్పుడు బెల్ మాటను త్రోసిపుచ్చలేము. ఒకరి ముక్కు మరొకరికి లేదు. ఒకరి వయస్సు మరొకరిది కాదు. దేవకన్యలనే చిత్రించదలచినా, చిత్రకారుని కన్నులలో మెదలినవారు అతడెరిగిన స్త్రీలేయని నా నమ్మకం.

పూర్వపు యాత్రికులు కూడ వీరిని ఊహామాత్రంగా చూడలేదు. క్రింది ‘అద్దపుగోడ’ నునుపైన సున్నంపై, ముఖ్యంగా 8–10 శతాబ్దాల మధ్య, వారు పద్యాలు గీసిపోయినారు. వారిలో రాజోద్యోగులు, భిక్షువులు, స్త్రీలు ఉన్నారు. బంగారు మేనిచాయను మెచ్చినవారు కొందరు; ఎంత పిలిచినను పలుకకున్నారని నిష్ఠూరమాడినవారు కొందరు; కాశ్యపుని రాణులేయని తలచినవారు మరికొందరు. పరణవితాన ఇట్టి 685 పద్యాలను పరిష్కరించి 1956లో ప్రకటించినాడు. ప్రాచీన సింహళ కవిత్వానికి అవి అమూల్యమైన ఆధారాలు. ఒక చిత్రం ఒక భాషకు ఇంత కవిత్వాన్ని ప్రసాదించిన ఉదాహరణలు మిక్కిలి అరుదు.

ఆ పద్యాలలో ఐదువందల మంది స్త్రీల ప్రసక్తి కలదు. నేడు మిగిలినవారు ఇరువది మందికి అటునిటు. తక్కినవారిని ఎండవానలు హరించినవి. 1967 అక్టోబరులో ఒక రాత్రి మనుష్యులే పైకెక్కి, ఉన్నవారి ముఖాలపై ఆకుపచ్చ రంగు పులిమినారు, కొన్నింటిని చెక్కివేసినారు. ఇటలీ నిపుణుడు లూచియానో మరాంజీ వచ్చి రంగును తొలగించి, నిలుపదగినంత నిలిపినాడు. చెక్కివేసిన భాగం తిరిగి రాలేదు.

చిత్రించినవాని పేరు మనకు తెలియదు. చిత్రితలైన స్త్రీల పేర్లూ తెలియవు. పేరు తెలిసిన కాశ్యపుని ముఖం ఎట్లుండెనో చెప్పగల చిత్రమేదియు అక్కడ లేదు. పితృహంత కోటలో పేరులేనివారి ముఖాలు మాత్రమే మనవరకు వచ్చినవి. వాటిని చూచి వేయేండ్లనాడు సామాన్యులు కవులైనారు. ఆ రాతిగుంటను కాపాడుట మన తరపు కర్తవ్యం.