కొల్లేట్లో ఐదు అడుగులంటే ఎన్ని మీటర్లు?

మన మెట్రిక్ చట్టం 1956ది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఇప్పుడు వీశెల్లెక్కన అడిగితే వింతగా చూస్తారు. అదే ఏలూరు దాటి కొల్లేటి వైపు వెళ్ళండి, ఇంకా అడుగులూ ఎకరాలే!

1999లో కొల్లేటిని అభయారణ్యం చేసినప్పుడు హద్దు +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న గీత. హద్దేమో అడుగుల్లో, విస్తీర్ణమేమో 308 చదరపు కిలోమీటర్లు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసింది ఈ గీత పట్టుకునే. దాన్ని +3కి దించమని 2008లో శాసనసభ తీర్మానం కూడా చేసింది. దించితే మిగిలేది 135.

ఇక మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ చేతికి ఈ మ్యాపు వస్తే? 5 అడుగులంటే "ఒకటిన్నర మీటర్లు" అని టైపు చేసేస్తాం. అసలు విలువ 1.524. పోయింది 2.4 సెంటీమీటర్లే కదా అనుకుంటాం. కానీ అది పళ్ళెంలాంటి నేల. 2 అడుగులకి, అంటే 61 సెంటీమీటర్లకి, 173 చదరపు కిలోమీటర్ల తేడా. సగటున సెంటీమీటరుకి 2.8. ఆ లెక్కన మనం రౌండ్ చేసినందుకు దాదాపు 1,700 ఎకరాలు అభయారణ్యం బయట పడతాయి. ఏ కంపైలరూ ఎర్రర్ ఇవ్వదు.

అదే 1999లో నాసా వాళ్ళు పౌండ్లకీ న్యూటన్లకీ పొంతన కుదరక మార్స్ ఆర్బిటర్‌ని పోగొట్టుకున్నారు. ట్రైనింగుల్లో ఎప్పుడూ ఆ కథే. నేను మాత్రం ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళని "+5 కాంటూరుని టేబుల్లో ఎలా పెడతావ్?" అని అడుగుతాను. చాలామంది వెంటనే డేటా టైపు చెప్పేస్తారు. "ఐదు ఏంటండీ, అడుగులా మీటర్లా?" అని ఎదురడిగినవాళ్ళు తక్కువే.