చీనీ

వేంపల్లె, పులివెందుల వైపు ‘చీనీ’ అంటే కాయే. కోస్తా వాళ్లు బత్తాయి అనేది మాకు చీనీకాయ. శాస్త్రనామంలోని ‘సైనెన్సిస్’కీ అర్థం చీనా దేశపుదనే. ఫారసీ నుంచి వచ్చిన ‘చీనీ’ అనే మాట హిందుస్తానీలో చక్కెరకూ అంటుకుంది, పింగాణీకీ అంటుకుంది. పింగాణీ మాత్రం ‘పింగాన్’ అనే ఫారసీ గిన్నె.

చీనా పింగాణీ అనగానే తెలుపు మీద నీలిపూలే గుర్తొస్తాయి. అంతకన్నా పాతవి, నా కంటికి అంతకన్నా అందమైనవి, చైనాలోని హెబే ప్రాంతపు డింగ్ బట్టీల తెల్లపాత్రలు. 10వ శతాబ్దం నాటి కొన్నింటి అడుగున ‘గ్వాన్’ అని, అంటే ‘సర్కారుది’ అని, కాల్చకముందే గీసిన అక్షరం కనిపిస్తుంది. సేకర్తలు ప్రాణం పెట్టేది దానికే. అక్షరమున్న ప్రతి గిన్నే చక్రవర్తి కొలువుకు వెళ్లిందని మాత్రం చెప్పలేం.

సాంగ్ రాజవంశ కాలంలో ఈ గిన్నెల్ని బోర్లించి కాల్చేవారు. అందుకని అంచుకు పూత ఉండదు, ఆ గరుకు మీద రాగి పట్టీ చుట్టేవారు. బొగ్గుమంట వల్ల తెలుపుకు లేత దంతపు ఛాయ వచ్చింది. వెలుపలివైపు పూత కన్నీటి చారల్లా జారి గడ్డకట్టి ఉంటుంది. చైనావాళ్లు వాటిని కన్నీటి చారలనే అంటారు.